కాగితం మిల్లు నీళ్లు మళ్లీ మిల్లుకే: నల్లగొండ, పాలమూరు క్రాఫ్ట్ మిల్లులకు సమగ్ర మార్గదర్శి

పాత అట్టపెట్టెలు, వేస్ట్ పేపర్ కరిగించి క్రాఫ్ట్ పేపర్ తీసే చిన్న, మధ్యతరహా మిల్లుల కోసం ఇది రాస్తున్నాను. లెక్కలన్నీ రోజుకు 50 టన్నులు తీసే మిల్లును దృష్టిలో పెట్టుకుని వేసినవి. సిర్పూర్ కాగజ్‌నగర్‌లోనో, సారపాకలోనో చేసినట్టు కర్రను రసాయనాలతో ఉడికించి గుజ్జు తీసే మిల్లులకు ఇది సరిపోదు. అక్కడ గుజ్జు తీశాక మిగిలే రసాయన ద్రవం, అంటే నల్ల లిక్కర్ ఉంటుంది, దాన్ని చిక్కబరిచి మండించే రికవరీ బాయిలర్ ఉంటుంది. ఆ లెక్కే వేరు.

మన దగ్గర చాలామంది యజమానులు నీళ్ల సమస్య అనగానే పెద్ద ఈటీపీకి (మురుగునీటి శుద్ధి ప్లాంటుకు) కొటేషన్లు తెప్పిస్తారు. నేనైతే మిషన్ దగ్గర మొదలుపెట్టమంటాను. ఈటీపీ దాకా వచ్చిన నీళ్లను శుభ్రం చేయడం ఖర్చు. రాకముందే వాటిని గుజ్జులోకి తిప్పడం ఆదాయం, ఎందుకంటే వాటితోపాటు నార కూడా వెనక్కి వస్తుంది.

ముందు ఒక లెక్క

ప్రెస్ దాటి డ్రయ్యర్‌లోకి వెళ్లే తడి షీటులో సుమారు 45 శాతం నార, 55 శాతం నీళ్లు ఉంటాయనుకుందాం. డ్రయ్యర్ దాటాక 93 శాతం పొడి. అంటే టన్ను కాగితానికి 1,140 లీటర్ల నీళ్లు షీటుతోపాటు డ్రయ్యర్‌లోకి వెళ్తాయి. అందులో 70 లీటర్లు కాగితంలోనే తేమగా మిగులుతాయి, 1,070 లీటర్లు ఆవిరైపోతాయి. 50 టన్నుల మిల్లులో ఇది రోజుకు 53, 54 కిలోలీటర్లు. మిషన్ దగ్గర తప్పనిసరిగా పోయే నీళ్లు ఇవే. బాయిలర్, కూలింగ్ టవర్ నష్టాలు, కొన్ని షవర్లు కలుపుకున్నా రోజుకు 100 నుంచి 150 కేఎల్ (కిలోలీటర్ల) కొత్త నీళ్లతో మిల్లు నడపొచ్చు. మీ బోర్లు రోజుకు 600 కేఎల్ తోడుతున్నాయంటే మిగతాదంతా ఎక్కడో కాలువలో పోతోందని అర్థం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు. నీళ్లు పగుళ్లలోనే దొరుకుతాయి. మే నెలలో బోరు చేతులెత్తేస్తే మిల్లు ఆగాల్సిందే. కాబట్టి నీళ్లు తిప్పుకోవడం కాలుష్య నియంత్రణ మండలి కోసం మాత్రమే చేసే పని కాదు.

మొదటి మెట్టు: మీటర్లు, కాలువలు

ప్రతి బోరుకూ ఒక మీటరు, బాయిలర్‌కు ఒకటి, షవర్ల లైనుకు ఒకటి, షీటు నుంచి నీళ్లు పీల్చే వాక్యూమ్ పంపుల సీల్ నీళ్లకు ఒకటి, ఈటీపీ ఇన్‌లెట్‌కు ఒకటి పెట్టండి. వారం రోజులు షిఫ్టుల వారీగా రాస్తే సగం జబ్బు కాగితం మీదే కనిపిస్తుంది. ఆదివారం మిషన్ ఆగినప్పుడు కూడా ఈటీపీకి నీళ్లు వస్తూ ఉంటే ఎవరో హోస్ పైపు వదిలేశారనో, ఏదో ట్యాంకు పొర్లుతోందనో తేలిపోతుంది.

తర్వాత కాలువలు విడదీయాలి. వాన నీళ్లు వేరుగా పోవాలి. మరుగుదొడ్లు, క్యాంటీన్ నీళ్లు ప్రాసెస్ నీళ్లలో కలవకూడదు. కలిస్తే ఆ నీళ్లను మళ్లీ షవర్లలో చల్లలేరు, చల్లితే మనుషుల మీద పడతాయి. వాక్యూమ్ పంపుల సీల్ నీళ్లు చాలా మిల్లుల్లో నేరుగా డ్రైనులోకి పోతుంటాయి. నిజానికి వాటికి పట్టేది వేడి, కాస్త నార. ఒక జల్లెడ, చిన్న కూలింగ్ టవర్ పెడితే అవే నీళ్లు తిరుగుతూ ఉంటాయి. చల్లబరచకుండా తిప్పారంటే మాత్రం సీల్ నీళ్లు వేడెక్కి వాక్యూమ్ పడిపోతుంది, ప్రెస్‌లోకి షీటు తడిగా వెళ్తుంది, బాయిలర్‌లో బొగ్గు ఎక్కువ కాలుతుంది. ఎండాకాలంలో ఇది వెంటనే తెలుస్తుంది.

రెండో మెట్టు: బ్యాక్ వాటర్

షీటు తయారయ్యేటప్పుడు గుజ్జు నుంచి కారే నీళ్లే బ్యాక్ వాటర్. వైర్ (షీటు కట్టే జాలీ) కింద కారే నీళ్లలో నార ఎక్కువ. అవి వైర్ పిట్ నుంచి ఫ్యాన్ పంపు ద్వారా నేరుగా గుజ్జును వైర్ మీదికి వదిలే హెడ్‌బాక్స్ వైపు తిరగాలి. సక్షన్ బాక్సులు, కౌచ్ పిట్ నుంచి వచ్చే మిగులు నీళ్లను ఒక ట్యాంకులో పట్టి వేస్ట్ పేపర్ కరిగించే హైడ్రాపల్పర్‌కు, గుజ్జు పలచన చేసే చోట్లకు పంపాలి. పల్పర్‌కు కొత్త నీళ్ల కనెక్షన్ ఉంటే తీసేయండి. ఉన్నంతకాలం రాత్రి షిఫ్టులో ఎవరో ఒకరు తిప్పుతూనే ఉంటారు.

అప్పటికీ మిగిలే నీళ్లకు, వాటిలోని నారను పట్టే సేవాల్ కావాలి. మన మిల్లుల్లో ఎక్కువమంది క్రాఫ్టా అని పిలిచే తేలింపు యంత్రం ఇదే. శుభ్రమైన నీటిలో కొంత భాగాన్ని నాలుగు నుంచి ఆరు బార్ల ఒత్తిడి వద్ద గాలితో కలిపి, ట్యాంకులోకి వదలగానే సన్నటి బుడగలు లేస్తాయి. అవి నారను పట్టుకుని పైకి తేలుస్తాయి. పైన తేలిన గుజ్జును గరిటె తీసి చెస్ట్‌కు (గుజ్జు నిల్వ చేసే ట్యాంకుకు) పంపుతుంది, కింద నీళ్లు తేరుకుని బయటికొస్తాయి.

యంత్రం సరిగ్గా నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి ల్యాబ్ రిపోర్టు దాకా ఆగక్కర్లేదు. గాలి కరిగిన నీళ్లు వచ్చే లైనుకు చిన్న ట్యాపు పెట్టుకోండి. గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. నీళ్లు పాలలా తెల్లగా ఉండి, ఆ తెలుపు కింది నుంచి పైకి మెల్లగా తేటబడాలి. పెద్ద బుడగలు బుసబుసమని లేచి క్షణాల్లో తేటబడిపోతే గాలి కరగడం లేదు. ప్రెజర్ ట్యాంకులో నీటి మట్టం, కంప్రెసర్, రీసైకిల్ పంపు ప్రెజర్ ఈ మూడూ చూసుకోవాలి. బాగా నడిచే క్రాఫ్టా నుంచి వచ్చే నీళ్లలో తేలియాడే ఘనపదార్థం లీటరుకు 50 నుంచి 100 మిల్లీగ్రాములకు మించకూడదు.

ఇక డబ్బు లెక్క. రోజుకు 1,000 కేఎల్ మిగులు బ్యాక్ వాటర్‌లో లీటరుకు 800 మిల్లీగ్రాముల నార ఉంటే 800 కిలోలు. వేస్ట్ పేపర్ కిలో 15 రూపాయలనుకున్నా రోజుకు 12,000. అందులో కొంత పనికిరాని పొడి అయినా సరే, యజమానిని ఒప్పించడానికి ఈ అంకె చాలు.

క్రాఫ్టా నీళ్లను వైర్ మీది తక్కువ ప్రెజర్ షవర్లకు, సన్నటి జల్లెడ దాటించి వాడుకోవచ్చు. ఫెల్ట్ (ప్రెస్‌లో తడి షీటును మోసే మందపాటి బట్ట) కడిగే హై ప్రెజర్ సూది షవర్ల నాజిల్ రంధ్రం మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. అక్కడ ఒక్క నార ముద్ద చిక్కుకుంటే ఫెల్ట్ మీద చార పడుతుంది, ఆ చార కాగితం మీదికి వస్తుంది. వాటికి కొత్త నీళ్లో, శాండ్ ఫిల్టర్ దాటినవో ఇవ్వండి. పాలిమర్ కలపడానికి, స్టార్చ్ ఉడికించడానికి, బాయిలర్‌కు తిప్పిన నీళ్లు అసలే వద్దు. ఇక్కడ పీనాసితనం చూపితే అక్కడ రసాయనం రెట్టింపు పడుతుంది.

మూడో మెట్టు: పటిక ఎంత?

ఈటీపీకి వచ్చే నీళ్లను ముందు జల్లెడ మీదుగా ఈక్వలైజేషన్ ట్యాంకులోకి తీసుకోవాలి. మిషన్ మీద షీటు తెగినప్పుడు, చెస్ట్ కడిగినప్పుడు వచ్చే పోటును ఈ ట్యాంకు ఆపుతుంది. కనీసం ఆరేడు గంటల నీళ్లు పట్టేలా ఉండాలి, అడుగున గాలి తిప్పాలి. తర్వాత పటిక లేదా పాలీ అల్యూమినియం క్లోరైడ్, చివర్లో కొద్దిగా పాలిమర్, ఆపైన ముద్దలు దిగి నీళ్లు తేరే క్లారిఫయర్.

పటికతో నీళ్లు తేర్చడం నల్లగొండ జిల్లాకు కొత్త కాదు. ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తిప్పి, తేర్చి, వడకట్టడమే అది. మిల్లులో కూడా సూత్రం అదే, వదిలించుకునేది మాత్రం ఫ్లోరైడ్‌కు బదులు నార పొడి, సిరా, జిగురు.

మోతాదును అంచనాతో వేయొద్దు. జార్ టెస్ట్ ఇలా చేయండి. 100 గ్రాముల పటికను లీటరు నీటిలో కరిగిస్తే 10 శాతం ద్రావణం. దాంట్లో ఒక మిల్లీలీటరు అంటే 100 మిల్లీగ్రాముల పటిక. ఆరు బీకర్లలో లీటరు చొప్పున ఈక్వలైజేషన్ ట్యాంకు నీళ్లు తీసుకుని 1, 2, 3, 4, 5, 6 మిల్లీలీటర్లు వేయండి. ఒక నిమిషం గట్టిగా, పది పదిహేను నిమిషాలు మెల్లగా తిప్పి, అరగంట వదిలేయండి. ముద్దలు పెసరగింజంత కట్టి గబగబా దిగాలి, పై నీళ్ల మీద మబ్బు ఉండకూడదు. అలా తేరిన బీకర్లలో తక్కువ మోతాదు ఎందులో ఉందో అదే మీ లెక్క. తేరిన నీటి పీహెచ్ కూడా చూడండి. పటిక 6 నుంచి 7.5 మధ్య బాగా పనిచేస్తుంది.

ఒక్కో మిల్లీగ్రాము పటిక సుమారు అర మిల్లీగ్రాము క్షారతను తినేస్తుంది. మన బోరు నీళ్లలో బైకార్బనేట్ దండిగా ఉంటుంది కాబట్టి కొత్త నీళ్లు ఎక్కువగా వాడే మిల్లుకు సున్నం అవసరం తక్కువే పడుతుంది. నీళ్లు తిప్పడం పెరిగేకొద్దీ ఆమ్లాలు పేరుకుని పీహెచ్ పడుతుంది, అప్పుడు సున్నం మొదలవుతుంది. పటిక వాడితే నీళ్లలో సల్ఫేట్ పెరుగుతుంది, గాలిలేని చోట అదే కుళ్లిన గుడ్ల వాసన గ్యాస్ అవుతుంది. పాలీ అల్యూమినియం క్లోరైడ్ వాడితే క్లోరైడ్ పెరుగుతుంది, స్టీలును తింటుంది. రెండిట్లో దేనికీ పూర్తి మార్కులు వేయలేం. మూసిన లూపులో నడిపే మిల్లుకు అసలు మోతాదు తగ్గించడమే ముఖ్యం.

నాలుగో మెట్టు: ఏరేషన్ ట్యాంకు

అట్టపెట్టెల్లోని స్టార్చ్ నీళ్లలో కరిగిపోతుంది. పటికకు అది దొరకదు. దాన్ని ఏరేషన్ ట్యాంకులో, అంటే గాలి ఊదే ట్యాంకులో, బ్యాక్టీరియానే తినాలి. కాగితం మిల్లు నీళ్లలో తిండి దండిగా ఉంటుంది గానీ నత్రజని, భాస్వరం ఉండవు. బీఓడీ (బ్యాక్టీరియా తినగల మురికిని చెప్పే కొలత) 100 పాళ్లకు నత్రజని 5, భాస్వరం 1 ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం.

మన మిల్లు ఈటీపీకి రోజుకు 300 కేఎల్ వస్తున్నాయి, బీఓడీ లీటరుకు 1,000 మిల్లీగ్రాములు అనుకుందాం. అంటే రోజుకు 300 కిలోల బీఓడీ. 15 కిలోల నత్రజని, 3 కిలోల భాస్వరం కావాలి. డీఏపీలో భాస్వరం సుమారు 20 శాతం, నత్రజని 18 శాతం. 15 కిలోల డీఏపీ వేస్తే భాస్వరం సరిపోతుంది, దాంతోపాటు 2.7 కిలోల నత్రజని వస్తుంది. మిగతా 12.3 కిలోలకు 46 శాతం యూరియా సుమారు 27 కిలోలు. బస్తాలో సగానికి కాస్త ఎక్కువ. ఎరువుల బస్తా ఒక్కసారిగా కుమ్మరించకుండా నీళ్లలో కరిగించి రోజంతా సన్నగా వదలాలి. మొదట పూర్తి మోతాదుతో మొదలుపెట్టి, బయటికొచ్చే నీళ్లలో అమ్మోనియా మిగులుతుంటే తగ్గించుకుంటూ రండి.

కొత్త ట్యాంకుకు ఇప్పటికే నడుస్తున్న ఈటీపీ బురద ఒకటి రెండు ట్యాంకర్లు తెచ్చి పోస్తే త్వరగా కుదురుకుంటుంది. దొరక్కపోతే పేడ నీళ్లు. కాకపోతే పేడతో ఆలస్యం.

రోజూ చూడాల్సినవి కొన్నే. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములు. ఎంఎల్ఎస్ఎస్, అంటే ట్యాంకు నీళ్లలో తిరిగే బురద, లీటరుకు 3,000 నుంచి 4,000 మిల్లీగ్రాములు. లీటరు కొలజాడీలో ట్యాంకు నీళ్లు పోసి అరగంట తర్వాత బురద ఎంత దిగిందో చూడండి. 300 మిల్లీలీటర్ల దగ్గర ఆగి, ఎంఎల్ఎస్ఎస్ లీటరుకు 3 గ్రాములుంటే, 300ని 3తో భాగిస్తే సూచీ 100, అంటే బాగున్నట్టే. సూచీ 150 దాటి పెరుగుతుంటే దారపు పోగుల్లాంటి బ్యాక్టీరియా పెరుగుతోంది. ఎరువు చాలకపోవడమో, గాలి చాలకపోవడమో కారణం. చాలామంది ఆ బురదను బ్లీచింగ్‌తో చంపాలని చూస్తారు. ముందు యూరియా డ్రమ్ము చూడండి, ఖాళీగా ఉండొచ్చు.

ఎండాకాలం సంగతి వేరు. మిషన్ నుంచి వచ్చే నీళ్లే 40 డిగ్రీల దగ్గర ఉంటాయి. 30 డిగ్రీల నీటిలో ఆక్సిజన్ గరిష్ఠంగా లీటరుకు 7.5 మిల్లీగ్రాములు కరిగితే, 40 డిగ్రీల వద్ద 6.4 మాత్రమే. అటు బ్యాక్టీరియా ఆకలి పెరుగుతుంది, ఇటు గాలి తగ్గుతుంది. 38 దాటితే బురద ముద్దలు విడిపోయి నీళ్లు మసకబారతాయి. ఏప్రిల్ రాకముందే ఇన్‌లెట్ నీళ్లను చల్లబరిచే ఏర్పాటు చేసుకోండి.

సీఓడీ (రసాయన పరీక్షతో తేల్చే మొత్తం మురికి) లీటరుకు మూడు నాలుగు వేల మిల్లీగ్రాములు దాటే మిల్లులు ఏరేషన్‌కు ముందు గాలిలేని రియాక్టర్ పెట్టుకుంటే కరెంటు బిల్లు తగ్గుతుంది. ఒక కిలో సీఓడీ తీస్తే 0.35 ఘనపు మీటర్ల మీథేన్ వస్తుంది. రోజుకు 1,000 కిలోలు తీసే రియాక్టర్ ఇచ్చే గ్యాస్ ఆరేడు వందల కిలోల సింగరేణి బొగ్గుకు సమానం. జర్మనీలోని జుల్పిష్ మిల్లు 1990ల్లోనే ఈ రెండు దశలనూ లూపు మధ్యలో పెట్టి, శుభ్రమైన నీళ్లను తిరిగి మిషన్‌కు పంపింది. బయటికి నీళ్లు వదలని మిల్లుకు ఈటీపీ చివరి ట్యాంకు కాదు, లూపులో ఒక భాగం.

ఐదో మెట్టు: లూపు ఎంత బిగించాలి

ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ. వాల్వులన్నీ మూసేసి జీరో డిశ్చార్జ్ అని బోర్డు పెడతారు. రెండు నెలలకు చెస్ట్‌లు కంపు కొడతాయి, షీటు మీద జిగట మచ్చలు పడతాయి, పైపులకు సున్నపు పెచ్చులు కడతాయి. స్టార్చ్ గాలిలేని చోట పులిసి కొవ్వు ఆమ్లాలుగా మారుతుంది, ఆ వాసన కాగితంలోకి ఎక్కుతుంది. అలాంటి కాగితంతో చేసిన పెట్టెను కొల్లాపూర్ మామిడి ప్యాక్ చేసేవాళ్లు ఒక్కసారి తీసుకుంటారు, రెండోసారి తీసుకోరు.

ఉప్పు లెక్క కూడా వేసుకోండి. పూర్తిగా మూసిన మిల్లులో కరిగిన లవణాలు బయటికి పోయే దారి ఒక్కటే, తడి షీటు. టన్నుకు వేస్ట్ పేపర్, రసాయనాల నుంచి 8 కిలోల లవణాలు కరుగుతున్నాయి, కొత్త నీళ్లు 1.2 కేఎల్, వాటి టీడీఎస్ (కరిగిన లవణాలు) లీటరుకు 1,000 మిల్లీగ్రాములు అనుకుందాం. లోపలికి వచ్చేది 9.2 కిలోలు. షీటు మోసుకుపోయేది 1.14 కేఎల్ నీళ్లు. అంటే లూపు టీడీఎస్ 8,000 దగ్గర స్థిరపడుతుంది. టన్నుకు ఒక కేఎల్ బయటికి తీసి, అంతే కొత్త నీళ్లు కలిపితే అది 4,800కు దిగుతుంది. ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది, ఉప్పు పెరగడానికి బోరు నీళ్ల కన్నా వేస్ట్ పేపర్, రసాయనాలే పెద్ద కారణం. కాబట్టి వేస్ట్ పేపర్ రకం మారినప్పుడల్లా కండక్టివిటీ మీటరు చూడాలి.

బయటికి తీసిన ఆ నీళ్లను ఆర్‌వోకు పంపొచ్చు, ముందు అల్ట్రా ఫిల్టర్ తప్పనిసరి. బూడిద చల్లార్చడానికి, బొగ్గు యార్డులో దుమ్ము అణచడానికి కొంత పోతుంది. ఆర్‌వో రిజెక్టులో ఉప్పుతోపాటు ఫ్లోరైడ్ కూడా చిక్కబడి ఉంటుంది. దాన్ని మట్టి గుంటలో వదిలేస్తే పని అయిపోయినట్టు కాదు, ప్లాస్టిక్ పొర వేసిన ఎండబెట్టే చెరువుకో, ఎవాపరేటర్‌కో పోవాలి. ఎండిపోయిన బోరులోకి వదలడం గురించి ఎవరైనా సలహా ఇస్తే వాళ్లను గేటు బయటికి పంపండి. గ్రానైటు పగుళ్లలో నీళ్లు ఎటు పోతాయో ఎవరి చేతిలోనూ ఉండదు. పక్క ఊరి తాగునీటి బోరులో తేలితే అది క్రిమినల్ కేసు.

పొలానికి ఇవ్వొచ్చా?

మిల్లు చుట్టూ ఉన్న రైతులు అడుగుతారు, ముఖ్యంగా కరువు ఏడాది. వాగులోకి వదలాలంటే లీటరుకు బీఓడీ 30, సీఓడీ 250, తేలియాడే ఘనపదార్థం 100, ఫ్లోరైడ్ 2 మిల్లీగ్రాములు దాటకూడదు. పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. భూమి మీదికైతే బీఓడీ 100 దాకా సడలింపు ఉంది, టీడీఎస్ 2,100 దాటకూడదు. చిన్న కాగితం మిల్లులకు ఎస్ఏఆర్ అనే సోడియం నిష్పత్తి 26 లోపు ఉండాలని కూడా నిబంధన ఉంది. మీ సీఎఫ్‌ఓలో (మిల్లు నడపడానికి మండలి ఇచ్చే అనుమతిలో) ఇంతకన్నా కఠినంగా రాసి ఉంటే, లేదా బయటికి చుక్క వదలొద్దని ఉంటే అదే చెల్లుతుంది.

26 అన్నది చట్టం గీత. నేల గీత అంతకన్నా కింద ఉంటుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నల్లగొండ నీళ్లలో కాల్షియం తక్కువ, సోడియం, బైకార్బనేట్ ఎక్కువగా ఉంటాయి. మిల్లులో కాస్టిక్ వాడితే సోడియం ఇంకా పెరుగుతుంది. లీటరుకు సోడియం 20 మిల్లీఈక్వివలెంట్లు, కాల్షియం, మెగ్నీషియం కలిపి 8 ఉంటే, 8లో సగం 4, దాని వర్గమూలం 2, 20ని 2తో భాగిస్తే ఎస్ఏఆర్ 10. ఆ నీళ్లు ఎర్ర చల్క నేలలో కొన్నాళ్లు తట్టుకోవచ్చేమో గానీ, నల్లరేగడిలో నేల బిగిసి నీళ్లు ఇంకవు. నా అభిప్రాయంలో ఈ నీళ్లు మిల్లు ఆవరణలోని గ్రీన్ బెల్టుకు, యూకలిప్టస్, సుబాబుల్ వరుసలకు మాత్రమే. అది కూడా ఏడాదికోసారి మట్టి పరీక్ష చేయిస్తూ. వరికి, కూరగాయలకు వద్దు. మూసీ నీళ్లు వాడపల్లిలో కృష్ణలో కలిసేదాకా ఎన్ని ఊళ్ల పొలాలను తడిపాయో, ఆ రైతుల మాటేమిటో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

బురద, ప్లాస్టిక్

క్లారిఫయర్ మొదటి దశ బురదలో నార ఉంటుంది. పిండి ఆరబెడితే గట్టి అట్ట చేసేవాళ్లు, గుడ్ల ట్రేలవాళ్లు కొంటారు. ఏరేషన్ బురదతో కలపొద్దు, కలిస్తే ఎవరూ తీసుకోరు. పల్పర్‌లో తేలే ప్లాస్టిక్, టేపులు, స్టేపుల్ పిన్నులు అసలైన తలనొప్పి. దాన్ని బాయిలర్‌లో వేసి కాల్చడం నేరం. పీవీసీ కాలితే డయాక్సిన్ల లాంటి విషాలు వస్తాయి. మట్టపల్లి, మేళ్లచెరువు, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. మండలి అనుమతి ఉన్న కిల్న్‌కు ఎండబెట్టిన ప్లాస్టిక్‌ను ఇంధనంగా పంపే ఒప్పందం చేసుకోవచ్చు. తడి, మట్టి ఎంత తక్కువుంటే వాళ్లు అంత సులువుగా ఒప్పుకుంటారు.

ట్యాంకులోకి దిగేముందు

షట్‌డౌన్ తర్వాత గుజ్జు చెస్ట్‌లో, ఈటీపీ సంప్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ నిలిచి ఉంటుంది. తక్కువగా ఉన్నప్పుడే కంపు. గాలిలో వంద పీపీఎం (పది లక్షల పాళ్లకు వంద) దగ్గరికి రాగానే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయిందని దిగినవాడు పడిపోతాడు, వాడిని లాగడానికి దిగిన ఇంకొకరూ పడిపోతారు. కాగితం మిల్లుల్లో జరిగే చావుల్లో ఇలాంటివి మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

చెస్ట్ ఖాళీ చేసి నీళ్లతో కడగాలి. బ్లోయర్ పెట్టి గాలి అడుగుదాకా పంపాలి. గ్యాస్ డిటెక్టర్‌ను తాడుతో దించి పై, మధ్య, అడుగు మూడు చోట్లా చూడాలి. ఆజిటేటర్ స్విచ్చుకు తాళం వేసి తాళంచెవి దిగేవాడి జేబులో ఉండాలి. దిగేవాడికి హార్నెస్, పైన కళ్లార్పకుండా చూసే మనిషి, అతను ఎట్టి పరిస్థితిలోనూ దిగకూడదు, తాడు లాగాలి. కాంట్రాక్టు కూలీలకు కూడా ఇవే నియమాలు. ఇందులో ఒక్కటి లేకపోయినా ఆ రోజు పని ఆపేయండి.

అనుమతులు, రికార్డులు

కొత్త మిల్లుకు, విస్తరణకు ముందు సీఎఫ్‌ఈ (స్థాపనకు మండలి అనుమతి), నడపడానికి సీఎఫ్‌ఓ ఉండాలి. బోరు వేయాలంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి. తీవ్రంగా కలుషితం చేసే 17 రకాల పరిశ్రమల్లో కాగితం కూడా ఉంది కాబట్టి, 2014లో కేంద్ర మండలి ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఆన్‌లైన్ మీటర్లు పెట్టి సర్వర్‌కు కలపాల్సి రావచ్చు. మీ సామర్థ్యానికి అది వర్తిస్తుందో లేదో ప్రాంతీయ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి, జవాబు ఫైల్లో పెట్టుకోండి.

లాగ్‌బుక్‌లో మీటరు రీడింగులు, పటిక, యూరియా మోతాదులు, కొలజాడీ రీడింగు, కరెంటు మీటరు ఇవన్నీ షిఫ్టు వారీగా ఉండాలి. తనిఖీకి వచ్చిన ఇంజనీరు మొదట చూసేది ఏరేటర్ల కరెంటు యూనిట్లనే. నీళ్లు 300 కేఎల్ అని, కరెంటు నలభై యూనిట్లని రాసి ఉంటే ఆ పుస్తకంలో మిగతా పేజీలు తిప్పరు.